దిష్టి తగిలిన నోటుబుక్కు

రిటైరైన మనిషికి శాలువా కప్పే ఆచారం ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, ఆయన అనంతపురంలో మే నెలలో రిటైరై ఉండడు. నాకు మొత్తం తొమ్మిది శాలువాలు వచ్చాయి. బయట నలభై రెండు డిగ్రీలు. వేదిక మీద ఉన్న ఒక్క ఫ్యానూ ఉపన్యాసం ఇచ్చే ఆయన వైపు తిప్పి ఉంది. తొమ్మిదోది కప్పేసరికి నేను కళ్లు మూసుకున్నాను. సార్ కదిలిపోయారని వెనక ఎవరో అన్నారు. ఇప్పుడవి బీరువాలో ఒక అర మొత్తం ఆక్రమించుకుని, కలరా ఉండల మధ్య నాకన్నా సుఖంగా ఉన్నాయి. ఒకదాన్ని మాత్రం మా ఆవిడ మిక్సీకి కప్పింది.

ఫిర్యాదు చిన్నదే. అయితే నా ఉద్యోగం గురించి రాయమని కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అడిగినప్పుడు నాకు ముందు ఇదే తట్టింది. ఎక్కడో చలిదేశంలో పనికొచ్చిన వస్తువును తెచ్చి, ఇక్కడ ఎండలో నిలబడ్డ మనిషికి కప్పి, ఎలా ఉందని అడగడం. స్థూలంగా ఇరవై ఆరేళ్లు నేను చేసింది అదే.

పని పేరు, పని

పని పేరు కౌన్సెలర్. ఎమ్మే సైకాలజీ చదివి, అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. వారానికి అయిదు రోజులు ఊళ్లు తిరగాలి. నిద్ర పట్టనివాళ్లు, మాత్రలు మరిచిపోయేవాళ్లు, తాగుడు మానాలనుకుని రేపటికి వాయిదా వేసేవాళ్లు, ఊరికే దిగులుగా ఉండేవాళ్లు: వీళ్లతో కూర్చుని, పరిశోధనల్లో తేలిన చిన్న చిన్న అలవాట్లు నేర్పి, బతుకును కాస్త తేలిక చేయాలి. ఇది నియామక పత్రంలో ఉన్న సంగతి. పది పన్నెండేళ్ల కిందట బత్తలపల్లె దగ్గర నాకిచ్చిన ఊళ్లో, పాలకేంద్రం అరుగు మీద మొదటి రోజు సంభాషణ ఇలా నడిచింది.

“సూది ఏస్తావా సార్?” అని అడిగాడు నారాయణప్ప. ఆ అరుగు మీద మొదటి మాట ఎప్పుడూ ఆయనదే.

“వెయ్యను.”

“మాత్రలిస్తావా?”

“ఇవ్వను.”

“మల్ల ఏం జేస్తావప్పా?”

“మాట్లాడతాను.”

“దానికి జీతమిస్తారా?”

“ఇస్తారు.”

“మా ఇంట్లో ఒకామె ఉండాది. నలభై ఏండ్లుగా ఊరికేనే చేస్తాండాది.”

ఆ నారాయణప్పే ఆ ఊళ్లో నా మొదటి కేసు. బీపీ మాత్ర రోజూ మరిచిపోయేవాడు. కొత్త అలవాటును పాత అలవాటుకు ముడివేస్తే నిలబడుతుందని మా శాస్త్రం చెబుతుంది. తప్పకుండా రోజూ చేసే పని ఏదైనా ఉందా అని అడిగాను. పొద్దున లేస్తూనే వాకిట్లో నిలబడి ఆకాశం చూస్తానన్నాడు, మబ్బుందేమోనని. మాత్రల అట్టను ద్వారబంధానికి మేకు కొట్టి వేలాడదీయించాను. ఆకాశం చూడు, మాత్ర మింగు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక్క రోజు తప్పలేదు. మా ఆఫీసులో దాన్ని గొప్పగా చెప్పుకున్నాం. అక్టోబరు దాటాక ఆ ఏటి మీద ఆశ వదిలేసి ఆయన ఆకాశం చూడటం మానేశాడు. మాత్రా మానేశాడు. శాస్త్రం తప్పలేదని మీరు గమనించాలి.

పదికి మూడు

మా డైరెక్టరు గారు కృష్ణా తీరం నుంచి వచ్చినవారు. మంచి మనిషి. ఎవరినీ కసిరి ఎరగరు. కొలవనిది బాగుపడదన్నది ఆయన నమ్మకం. అందుకని సంతోషాన్ని కొలవడానికి ఒక చార్టు అచ్చువేయించారు. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా పది బొమ్మలు. మనిషి తన బొమ్మ మీద వేలు పెట్టాలి, నేను అంకె రాసుకోవాలి.

ఊరు ఊరంతా మూడో బొమ్మ మీదే వేలు పెట్టింది. పెళ్లి కుదిరిన పిల్లాడూ మూడే, ఆవు ఈనిన ఇల్లూ మూడే. నారాయణప్ప దగ్గర నాకు అనుమానం వచ్చింది.

“నిన్న మనవడు పుట్టినాడని ఊరంతా లడ్లు పంచావు కదా?”

“పంచినా.”

“అయినా మూడేనా?”

“ఏమప్పా, చదువుకున్నోడివి. నువ్వు ఏడో ఎనిమిదో ఏసుకోని పోతే ఈ ఊరు బాగుండాదని పైకి రాస్తారు. రేపు కరువు మండలాల లిస్టులో మాది కొట్టేస్తే, విత్తనాలు నువ్వు తెచ్చిస్తావా?”

“అయితే ఒకటి వెయ్యొచ్చు కదా?”

“ఒకటంటే అబద్ధమంటారు. మూడైతే నమ్మకంగా ఉంటాది.”

ఈ సంగతి నేను ఆఫీసులో చెప్పాను. డైరెక్టరు గారు నవ్వి, “అలా సరదాగా అంటుంటారండీ వాళ్లు,” అని, ఊరు తీవ్రమైన నిరుత్సాహంలో ఉన్నట్టు నివేదిక పంపారు. మందు కూడా ఆయనే నిర్ణయించారు. రోజూ ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు నోటుబుక్కులో రాసుకోవడం. మన మనసు చెడును చప్పున పట్టుకుంటుంది, మంచిని జారవిడుస్తుంది, రాసుకుంటే మంచి కూడా కాస్త నిలుస్తుంది. ఇది ఉత్త మాట కాదు. ఇప్పటికీ నేను నమ్ముతాను. నేనే రాసుకోను, అంతే.

గడప దగ్గర

నాగలక్ష్మి పదో తరగతి పాసైంది. భర్త ఓబుళేసుకు నాలుగెకరాల మెట్ట, అందులో వేరుశనగ. వరసగా రెండేళ్లు చేను ఎండిపోయాక ఆమెకు నిద్ర కరువైంది. పడుకుంటే గుండె దడ. ఆరోగ్య కేంద్రంలో చూసి, ఒంట్లో ఏమీ లేదని నా దగ్గరికి పంపారు. నోటుబుక్కు ఇచ్చి, దీపాలు పెట్టేవేళ రాయమన్నాను.

“మంచిదని రాయకూడదు సార్,” అంది.

ఎందుకో నాకు తెలుసు. మా జిల్లాలో, భుజాల దాకా ఎదిగిన కంది మధ్య నిలబడ్డ రైతును చేను ఎట్లుందని అడిగితే, “ఏదో ఉండాదిలే” అంటాడు. ఎదిగిన చేనులో సున్నం బొట్లు పెట్టిన కుండను కర్రకు బోర్లిస్తారు. బొద్దుగా ఉన్న బిడ్డకు బుగ్గన నల్లచుక్క పెడతారు. బాగుందని పైకి అనగానే వినడానికి ఏదో కాచుకుని ఉంటుందని లెక్క. మా అమ్మ కూడా నా మార్కులు పక్కింట్లో పదిహేను తగ్గించి చెప్పేది. ఇంత తెలిసీ నేను దాన్ని మూఢనమ్మకం అనే అరలో పెట్టి, పరిశోధన అనే అర తెరిచి ఆమెకు అరగంట చెప్పాను. ఆమె నమ్మలేదు. పెద్దమనిషి అంత దూరం నుంచి వచ్చాడని ఒప్పుకుంది.

మొదటి వారం రాసింది నాకింకా గుర్తుంది. ఒకటి, ఎద్దు పొడవలేదు. రెండు, అత్త తిట్టలేదు. మూడు, అత్త ఊర్లో లేదు.

బుధవారం బుధవారం వెళ్లేవాణ్ని. గడప బయట చాప పరిచేది. రాసింది చదివేది, నేను వినేవాణ్ని, ఒక్కోసారి ఓబుళేసు కూడా వచ్చి కూర్చునేవాడు. లోపల్నుంచి అత్త సుంకమ్మ, ఎవరితోనూ కానట్టు, “రాస్తే కడుపు నిండుతాదేమో” అంటూ ఉండేది. ఆరు వారాలకు నాగలక్ష్మికి నిద్ర పట్టింది. రాతలో కూడా మార్పు వచ్చింది. ఆ ఏడు వానలు వేళకు పడ్డాయి. ఒకనాడు ఇలా రాసింది: “మా చేను ఈసారి ఊర్లో అందరి చేన్లకన్నా పచ్చగా ఉండాది. చూస్తే కడుపు నిండినట్టుండాది.”

మైకు

తప్పు చేసింది ఇక్కడే. ఇది డైరెక్టరు గారి మీద నెట్టాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు. బయటి నుంచి అతిథులు వస్తున్నారని ఊళ్లో సభ పెట్టించింది ఆయనే. కాని నాగలక్ష్మిని నిలబెట్టి, ఆ నోటుబుక్కు చేతిలోకి తీసుకుని, ఆ రెండు వాక్యాలను మైకులో చదివింది నేను. గొంతులో కొంచెం భావం కూడా పలికించాను. కొంగుతో విసురుకుంటున్న ఆడవాళ్లు విసురుకోవడం ఆపేశారు. చప్పట్లు పలచగా వచ్చాయి. మైకు బాగా లేదనుకున్నాను.

తర్వాత వాన ఆగిపోయింది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే సమయం అది. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది, దిగితేనే కాయ. అప్పుడు చుక్క పడలేదు. ఒక్కరి చేనుకు కాదు, అందరికీ. అనంతపురంలో వాన ఎందుకు రాలేదని అడగడం, మామూలుగా ఎవరూ చేసే పని కాదు. ఆ ఏడు మాత్రం ఊరికి కారణం దొరికింది. మైకులో విన్నారు కదా.

నాగలక్ష్మిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కలుపుకు పోయే ఆడవాళ్ల గుంపు ఆమె ఇంటి ముందు ఆగడం మానేసింది. అక్కడ పని అంతా గుంపుతోనే. ఈరోజు అందరూ మీ చేలో, రేపు అందరూ మా చేలో. గుంపు రాకపోతే రేపు చెట్టు పీకే సమయానికి నాలుగెకరాలు ఇద్దరు మనుషులు చేయలేరు. నేల గట్టిపడితే కాయ లోపలే ఉండిపోతుంది. పక్కింటామె పాలకు తోడు ఇవ్వడానికి కూడా మజ్జిగ లేదందట. అయిదు బర్రెలున్న ఇల్లు అది.

ఇవేవీ తెలియకుండా బుధవారం వెళ్లాను. గడప మీద సుంకమ్మ కూర్చుని ఉంది.

“వచ్చినావా. ఇంగా ఏమన్నా రాయించేది ఉండాదా?”

సంగతి ఓబుళేసు చెప్పాడు. “మల్ల నిద్ర లేదు సార్ ఆమెకు. ఊరంతా ఇట్లే ఉంటే, బిడ్డను తీసుకోని పుట్టినింటికి పోతానంటాది. పోతే మల్ల వస్తాదో రాదో.”

నాగలక్ష్మి లోపల గోడ వైపు తిరిగి గింజలు వొలుచుకుంటోంది. పలకరిస్తే తల ఊపింది.

ఎట్ల, ఎందుకు

చదువుకున్నవాడు చేసే పనే నేనూ చేశాను. పాలకేంద్రం అరుగు మీద కూర్చుని రుతుపవనాలు, అల్పపీడనం, గాలి దిశ అన్నీ చెప్పాను. ఫోనులో మబ్బుల పటం కూడా చూపించాను. అందరూ మర్యాదగా చూశారు. చివరికి నారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

“అంతా నిజమే సార్. వాన ఎట్ల పోయిందో నువ్వు చెప్పినావు. ఎందుకు పోయిందో మేము చెప్తాండాం.”

ఆఫీసుకు వచ్చి డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. “మూఢనమ్మకాల మీద ఒక సదస్సు పెడదామండీ. ఆ అమ్మాయినే వేదిక ఎక్కించి మాట్లాడిద్దాం,” అన్నారు. వద్దన్నాను. ఆ మాట వినడం ఆయనకు కొత్త, అనడం నాకూ కొత్తే.

దారి చూపింది సుంకమ్మ. తర్వాతి బుధవారం వెళ్తే నన్ను గడప దగ్గరే ఆపింది.

“అది రాసింది యాడ?”

“ఇంట్లో.”

“ఎవరిన్నారు?”

“బయటివాళ్లెవరూ వినలేదు.”

“మైకులో చదివినోడు ఎవరు?”

“నేనే.”

“అట్లయితే పొగిడిన నోరు నీది. దిష్టి నీది. మా పిల్లది ఎందుకయితాది? ఇది ఈడ నాకు చెప్తే ఏం లాభం, ఊర్లో చెప్పు.”

శాస్త్రం ప్రకారం ఆమె తర్కంలో చాలా లోపాలున్నాయి. తప్పు ఎవరిదన్న ఒక్క విషయంలో మాత్రం ఆమె లెక్క సరిగ్గా ఉంది. ఆమెకు కోడలి మీద పెద్ద ప్రేమ ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అయినా ఆ ఊళ్లో నాగలక్ష్మి పక్షాన వాదన తయారు చేసింది ఆమె ఒక్కతే.

ఆదివారం పొద్దు గూకేవేళ, ఊరి మొగదల మూడు దారులు కలిసే చోట నన్ను తూర్పు మొహంగా నిలబెట్టారు. ఊరు సగం వచ్చింది. నేను చెప్పవలసింది చెప్పాను: ఆ మాట ఆ అమ్మాయి దాచుకుని రాసుకుంది, బయటపెట్టి పొగిడింది నేను, తప్పు నా నోటిది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సుంకమ్మ రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదని అక్కడి నమ్మకం. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

ఘాటు వచ్చింది. గొంతులో నిప్పు పోసినట్టు వచ్చింది. దగ్గితే దిష్టి నాది కాదని తేలుతుంది, అప్పుడది మళ్లీ నాగలక్ష్మి దగ్గరికే పోతుంది. సైకాలజీలో ఎమ్మే చేసినందుకు ఆ రెండు నిమిషాలు దగ్గు ఆపుకున్నాను. నా వృత్తి జీవితంలో ఇంతకన్నా కష్టమైన చికిత్స చేయలేదు.

“చూస్తిరా,” అంది సుంకమ్మ. “రవ్వంతన్నా ఘాటొచ్చిందా?” ఆమె కూడా అప్పటికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది.

ఆ నోటుబుక్కును కూడా నిప్పుల్లో వెయ్యమని ఎవరో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. “ఇంగా సగం తెల్లకాయితాలుండాయి,” అంది.

మర్నాడు పొద్దున గుంపు నాగలక్ష్మి ఇంటి ముందు ఆగింది. లెక్క వేస్తే ఆమెను దూరం పెట్టింది ఇరవై రోజులు. ఆ తర్వాత ఒక వాన పడింది. అది రుతుపవనాల పని అని నేనంటాను, ఊరు ఏమంటుందో మీరు ఊహించుకోండి. ఊరందరితో పాటు వాళ్లకూ సగం పంట చేతికొచ్చింది. పీకడానికి గుంపు వచ్చింది.

ప్రశ్న మార్చాక

ఆ ఊళ్లో నా పరిస్థితి మాత్రం మారింది. నేను వీధిలోకి రాగానే పసిబిడ్డల మీద కొంగు పడేది. చేన్ల మధ్య దారిలో పోతుంటే, “సార్, ఆ పక్క దోవలో పో” అని ఎంతో గౌరవంగా మళ్లించేవారు. బర్రెను అమ్మబోయే మనిషి ఒకడు, పోటీవాడి బర్రెను ఒకసారి చూసి పొమ్మని నన్ను అడిగాడు కూడా.

నేను ప్రశ్న మార్చాను. ఈరోజు ఏం మంచి జరిగింది అని ఎవరినీ అడగలేదు. ఈరోజు తప్పిపోయిన కష్టమేంది అని అడిగాను. మూడు మాటలకు మొహమాటపడే జనం గంటలకొద్దీ చెప్పారు. పాము కనపడింది, కరవలేదు. బస్సు లేటు, నేను ఇంకా లేటు, అయినా దొరికింది. అల్లుడు వస్తానన్నాడు, రాలేదు. చెప్తూ చెప్తూ నవ్వేవారు. మూలుగు వేషంలో వస్తే సంతోషానికి దిష్టి తగలదు. నివేదికల్లో మాత్రం పాత పేరే కొనసాగించాం. డైరెక్టరు గారు దాన్ని వేరే రాష్ట్రంలో ఒక సమావేశంలో వివరించి, మరో శాలువాతో తిరిగొచ్చారు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది తక్కువ. చలిదేశపు పద్ధతులన్నీ పనికిరావని అనుకోవద్దు. మనసు అక్కడా ఇక్కడా ఒకేలా నొచ్చుకుంటుంది. పద్ధతి నేర్పే ముందు, ఆ మనిషి మాట ఇంకా ఎవరు వింటారో చూసుకోండి. ఎవరి నోటుబుక్కూ మైకులో చదవొద్దు. ఎవరైనా మూడు మార్కులు వేసుకుంటే దాని వెనక ఏ జాబితా ఉందో కనుక్కోండి.

నాగలక్ష్మి ఫైలులో ‘మెరుగుపడింది’ అని రాసి మూసేశాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. నేను ఆ గడప తొక్కితే ఊరికి మళ్లీ అనుమానం వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. మా వృత్తిలో దీన్ని హద్దు పాటించడం అంటారు, శిక్షణలో ఒక పూట దాని మీదే చెబుతారు. బుధవారాలు పక్క ఊరికి మార్చుకున్నాను. నా కేసుల్లో చక్కగా ముగిసింది ఏదని అడిగితే, ఇన్నేళ్లూ ఇదే చెబుతూ వచ్చాను.

పోయిన నెల పెళ్లికి పోయి వస్తూ బత్తలపల్లె బస్టాపులో కూర్చున్నాను. పక్కన వచ్చి కూర్చున్న ఆమె చేతిలో విత్తనాల సంచి, తలలో కొంచెం నెరుపు. నాగలక్ష్మి అని పోల్చుకోవడానికి నాకు నిమిషం పట్టింది. నన్ను పోల్చుకోవడానికి ఆమెకు అంత పట్టలేదు.

“బాగుండావా సార్?”

“ఏదో ఉన్నానులే,” అన్నాను. “నిద్ర పడుతోందా?”

“పడతాది. ఒక్కోసారి పట్టదు.”

“రాస్తున్నావా?”

“ఆ బుక్కు ఎప్పుడో అయిపోయింది. మల్ల కొనలేదు.”

నేను ఆ ఆదివారం సంగతి ఎత్తాను. దగ్గు ఎలా ఆపుకున్నానో చెప్పాను. ఎప్పుడు చెప్పినా నవ్వు వచ్చే చోటు అది. ఆమె కూడా నవ్వింది. “నీ కండ్లల్ల నీళ్లు చూసినా సార్. మా అత్త కూడా చూసింది,” అంది.

“అంత పని చేస్తేనే కదా మళ్లీ గుంపు నీ ఇంటి ముందు ఆగింది,” అన్నాను.

ఆమె సంచి మూతి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది.

“చానా నాళ్లు బుధవారం చాప ఏస్తాంటి,” అంది. “ఊరు నన్ను ఇరవై దినాలు దూరం పెట్టింది సార్. నువ్వు తొమ్మిదేండ్లు పెట్టినావు.”